స్రష్టయు విమర్శకుడు నగు సత్యజిత్ రాయ్

గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. లెక్క వ్రాసినవాడే దానిని తనిఖీ చేయరాదనునది ఈ వృత్తిలో మొదటి నియమము. సాహిత్యమునందును ఇట్టి చర్చ ప్రాచీనమైనదే. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభను రెండు విధములుగా విభజించి, రచించువాని ప్రతిభ కారయిత్రి యనియు, గుణదోషముల నెఱిగి ఆస్వాదించువాని ప్రతిభ భావయిత్రి యనియు పేర్కొనెను. ఈ రెండును ఒక్కనియందే యుండవచ్చునా, ఉన్నచో తీర్పు ధర్మముగా నుండునా? చలనచిత్రరంగమున ఈ ప్రశ్నకు సత్యజిత్ రాయ్ గారి జీవితము చక్కని సమాధానము. మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున దానిని పాఠక మహాశయులకు సంగ్రహముగా విన్నవించుచున్నాను.

రాయ్ గారు 1921వ సంవత్సరము మే 2వ తేదీన కలకత్తాలో జన్మించిరి. పితామహులు ఉపేంద్రకిశోర్ గారు బాలసాహిత్య రచయిత, చిత్రకారులు, ముద్రణకళా నిపుణులు. తండ్రి సుకుమార్ గారు ప్రసిద్ధ హాస్యకవి. సత్యజిత్ గారికి మూడవయేడు నిండకమునుపే తండ్రి గతించిరి. తల్లి సుప్రభాదేవి తన సోదరుని యింట ఉండి కుమారుని పెంచెను. ఆయన ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, శాంతినికేతనమున చిత్రకళ నభ్యసించి, 1943లో ఒక ప్రకటనల సంస్థలో నెలకు 80 రూపాయల జీతముపై చేరిరి. పుస్తకములకు అట్టలు, బొమ్మలు వేయుటయు అలవడెను. విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ గారి ‘పథేర్ పాంచాలీ’ నవలయొక్క బాలల సంక్షిప్త ప్రతికి బొమ్మలు వేయుచుండగా, అది చలనచిత్రమునకు తగిన కథ యని ఆయనకు తోచెను. ఆ మహాచిత్రమునకు బీజము పుస్తకమునందే పడినదని గ్రంథాలయాభిమానులు గమనింతురుగాక!

1947లో ఆయన మిత్రులతో కలిసి కలకత్తా ఫిలిం సొసైటీని స్థాపించిరి. మరుసటియేడు ‘స్టేట్స్‌మన్’ పత్రికలో భారతీయ చిత్రముల లోపములనుగూర్చి వ్యాసము వ్రాసిరి. మనవారు పరదేశపు చిత్రముల హంగులను అనుకరించుటయే గాని, చుట్టునున్న జీవితమును కన్నులు తెఱచి చూచుటలేదని దాని సారాంశము. అప్పటికి ఆయన ఒక్క అడుగు ఫిలిమైనను తీసినవారు కారు. చేసి చూపుమని ఎవరైన అడిగినచో చూపుటకు చేత ఏమియు లేదు.

1950లో ఉద్యోగరీత్యా లండను వెళ్లి, కొలది నెలలలో సుమారు నూఱు చిత్రములు చూచిరి. ఇటలీవారి ‘బైసికిల్ థీవ్స్’ చూచినపిదప, వృత్తినటులు లేకయే, నిజమైన వీథులలో చిత్రము తీయవచ్చునను ధైర్యము కుదిరెను. 1952 అక్టోబరులో, రెల్లు పూచిన పొలమున ‘పథేర్ పాంచాలీ’ ప్రారంభమయ్యెను. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర అంతకుమున్ను సినిమా కెమెరా నడిపినవాడు కాడు. మరుసటి వారము వెళ్లి చూడగా ఆ రెల్లుపూవులను పశువులు మేసివేసినవి! మరల పూచువఱకు ఆ దృశ్యము ఆగిపోయెను. ధనము చాలక భీమాపత్రమును, భార్య నగలను తాకట్టు పెట్టిరి. తుదకు పశ్చిమబెంగాలు ప్రభుత్వము ధనమిచ్చి ఆదుకొనెను. 1955లో చిత్రము విడుదలయ్యెను. 1956లో కాన్ ఉత్సవమున బహుమతి పొందెను. ఇతరుల కుపదేశించిన నియమమునకు ఆయన తామే మూల్యము చెల్లించిరి.

నిర్మాత యైన పిమ్మటను విమర్శకుని కలము విడువలేదు. 1964లో ‘చారులత’ రవీంద్రుని కథనుండి తొలగినదని ఒకరు ఆక్షేపింపగా, తాము చేసిన మార్పులకు కారణములను విపులముగా వ్రాసి చూపిరి. అయితే 1965లో మృణాల్ సేన్ గారి ‘ఆకాశ్ కుసుమ్’ పై పత్రికాముఖమున జరిగిన వాదములో రాయ్ గారి పరిహాసము కొంత మితిమీఱినదని నా యభిప్రాయము. తోటి నిర్మాతను నలుగురిలో ఎగతాళి చేసినచో, అది న్యాయమో మాత్సర్యమో చదువరికి తెలియదు. మొదట చెప్పిన నియమము ఇట్టి చోటనే జ్ఞప్తికి వచ్చును.

అనంతరము వ్రాసిన వ్యాసములలో నూతన నిర్మాతల చిత్రములను నిదానముగా పరిశీలించిరి. మన తెలంగాణపు పల్లెజీవితమును చూపిన శ్యాం బెనెగళ్ గారి ‘అంకుర్’ వానిలో నొకటి. 1976లో ఆయన ఆంగ్ల వ్యాసములు గ్రంథరూపమున వెలువడినవి. 1992లో ఆస్కారు గౌరవ పురస్కారము, భారతరత్న బిరుదము లభించినవి. ఆ సంవత్సరమే ఏప్రిల్ 23వ తేదీన స్వర్గస్థులైరి.

పరుల లెక్క తనిఖీ చేయువాడు తన పుస్తకమును మూయక, అందఱి యెదుట తెఱచి యుంచవలెను. రాయ్ గారి చిత్రములు అట్లు తెఱచిన పుస్తకములు. ఆయన పెట్టిన కొలతతోనే ఆయనను కొలువవచ్చును. అందువలననే ఆ విమర్శకు విలువ నిలిచినది. మన గ్రంథాలయమున చదివి తీర్పు చెప్పు యువకులును, ముందుగా తమ పనిని అదే కొలతతో కొలుచుకొందురుగాక యని నా ఆకాంక్ష.