మన నందనూరు కృష్ణారెడ్డి

స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం పంపమని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు నేనూ అందరిలాగే బడి జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. కానీ అయ్యవార్ల బెత్తాలు, వేపచెట్టు, గంట కొట్టే తాత గురించి కనీసం పదిమంది రాస్తారు. చిత్తూరులో ముప్పై ఐదేళ్లు ప్రెస్సు నడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన పనిలో ప్రపంచానికే కొత్త దారి చూపించిన మన జిల్లా మనిషి గురించి రాస్తాను. ఆయన పేరు కృష్ణారెడ్డి. ఆయన పుట్టి ఈ 2025కి నూరేళ్లు.

చిత్తూరు దగ్గర నందనూరు ఆయన ఊరు. తండ్రి పొలం పనులు చేసుకుంటూనే గుళ్ల గోడలమీద బొమ్మలు వేసేవారు. ఆ గోడల దగ్గరే పిల్లవాడికి బొమ్మలతో పరిచయం. అక్కడినుంచి శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నారు. చెట్టును గీయాలంటే ముందు చెట్టు ఎదుట కూర్చుని దాన్ని చూడాలన్నది అక్కడి చదువు. 1947లో పట్టా పుచ్చుకుని, మద్రాసు కళాక్షేత్రంలో 1950 దాకా చిత్రకళ విభాగానికి పెద్దగా ఉన్నారు.

తరువాత లండన్ స్లేడ్ స్కూల్లో హెన్రీ మూర్ దగ్గర, పారిస్‌లో జాడ్కిన్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. పారిస్‌లోనే హేటర్ అనే ఆయన నడిపే అతెలియే 17 అనే అచ్చుబొమ్మల పనిశాలలో చేరారు. రాతిని చెక్కడం నేర్చిన చేయి లోహపు రేకు మీద పడింది. మిగతావాళ్లు రేకుమీద గీతలు గీసేవారు. ఈయన దాన్ని లోతుగా, మెట్లు మెట్లుగా, దుక్కి దున్నిన చేనులా చెక్కేవారు. ఆయన రేకును కాగితం మీద అచ్చు వేయకుండా గోడకు తగిలించినా శిల్పంలాగే ఉంటుంది.

ఇక్కడ నా ప్రెస్సు గొడవ కొంచెం చెప్పాలి. మా ఒంటిరంగు మిషనులో నాలుగు రంగుల క్యాలెండరు వేయాలంటే ఒక్కో కాగితం నాలుగుసార్లు మిషనెక్కాలి. రిజిస్ట్రేషన్ వెంట్రుకవాసి తప్పిందంటే స్వామివారికి రెండు కళ్లు కాస్తా నాలుగవుతాయి. అలా పాడైన క్యాలెండర్లు ఎన్ని చిత్తుకాగితాల కింద తూకానికి వేశానో లెక్కలేదు. పక్కనున్న కాళహస్తి కలంకారీ వాళ్లూ అంతే. ఒక రంగు వేసి, ఉతికి, ఆరాక మరో రంగు. రంగుకొక విడత, విడతకొక ఎదురుచూపు.

కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, హేటర్ కలిసి ఆ పనిశాలలో ఈ తిప్పలు తప్పించారు. కిటుకంతా నూనెలో ఉంది. రేకు గుంటల్లో ఒక రంగు నింపి పైన తుడుస్తారు. నూనె ఎక్కువ కలిపిన పలచటి రంగును గట్టి రోలరుతో దొర్లిస్తే అది మిట్టలకే అంటుతుంది. తరువాత చిక్కటి రంగును మెత్తటి రోలరుతో నొక్కి దొర్లిస్తే అది పల్లాల్లోకి దిగుతుంది. మిట్టలమీద అప్పటికే నూనె రంగు ఉంది కాబట్టి చిక్కటిది వాటికి అంటుకోదు. అన్ని రంగులూ ఒకే రేకుమీద, దేని చోట్లో అది నిలుస్తుంది. కాగితం ఒక్కసారే ప్రెస్సులోకి వెళ్తుంది. చదివినప్పుడు ఇంతేనా అనిపిస్తుంది. నూనె ఒక చుక్క ఎక్కువైతే ఏమవుతుందో ఇంకు కలిపినవాడికే తెలుసు.

ఆ పద్ధతిలో ఆయన ఏం వేశారు? పురుగు, చేప, కలువలు, మొలకెత్తే గింజ, అల. 1952లో వేసిన పురుగును చూసి అది పురుగని వెంటనే పోల్చుకోలేం. రెక్కల ఊపు, కాళ్ల వణుకు మాత్రం కనిపిస్తాయి. 1963 నాటి అల, సుడిగుండం బొమ్మలు నాకు అన్నిటికన్నా ఇష్టం. అందులో నీళ్లు లేవు, నీళ్లు తిరిగే తీరు ఉంది. వల లాంటి గీతలు మధ్యకు లాక్కుపోతుంటాయి. వానాకాలంలో మన నీవా నిండి పారినప్పుడు వంతెన మీద నిలబడి చూసినవాళ్లకు ఆ బొమ్మ విడమరచి చెప్పక్కర్లేదు. 1968లో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు ఆ జనాన్నీ వేశారు. తరువాత సర్కస్ బఫూన్ల బొమ్మలు వచ్చాయి. వాటికి పేరు ఎక్కువే, నాకు మాత్రం నీటి బొమ్మల తరువాతే.

1972లో పద్మశ్రీ వచ్చింది. 1976లో న్యూయార్క్ వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో అచ్చుకళ విభాగం నడిపారు. నేను ఆయనకు దణ్ణం పెట్టేది ఒక్క విషయానికి. మా వృత్తిలో రంగు కలిపే పాళ్లు కొడుక్కి కూడా సగమే చెప్పేవాళ్లున్నారు. ఈయన దేశదేశాల పిల్లలకు చేయి పట్టి నేర్పి, 1988లో మొత్తం పద్ధతిని పుస్తకంగా అచ్చువేయించారు.

2016లో మా అమ్మాయి దగ్గరకు అమెరికా వెళ్లినప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీల అచ్చుబొమ్మలు కలిపి పెట్టారు. అద్దం వెనక నుంచి ఆ రంగుల అంచులు చూశాను. ఎక్కడా రిజిస్ట్రేషన్ తప్పలేదు, తప్పే వీలే లేదు. పేరు పక్కన ఇండియా అని చూసి మా అమ్మాయికి మన చిత్తూరే అని చెబితే నమ్మలేదు. ఆయన ఆ ఊళ్లోనే ఉన్నారు, తొంభై దాటింది. కలుద్దామా నాన్నా అని అడిగింది. క్యాలెండర్లు వేసేవాణ్ణి, నేను వెళ్లి ఏం మాట్లాడతానని వద్దన్నాను. 2018 ఆగస్టులో ఆయన పోయారు. మెత్తటి రోలరు ఎంత మెత్తగా ఉండాలో అడిగుండవచ్చని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంత రాసింది కమిటీని ఒక కోరిక కోరడానికే. మన డ్రాయింగ్ అయ్యవారు రిటైరయ్యాక ఆ గదిలో విరిగిన బెంచీలు పెట్టారు. నా ప్రెస్సు మూసేశాక మూలన పడున్న చేతి ప్రూఫ్ ప్రెస్సు ఒకటుంది. దానిమీద రాగిరేకు అచ్చు రాదు గానీ లినోలియం బ్లాకులు చక్కగా పడతాయి. బెంచీలు తీయించి ఆ గది ఇస్తే ప్రెస్సు, రెండు రోలర్లు నా ఖర్చుతో తెచ్చి బిగిస్తాను. శనివారాలు నాకు ఖాళీయే.