ఎక్కడ పాడినా మువ్వగోపాలుడే: క్షేత్రయ్య కథ

ఈసారి మన కృష్ణా జిల్లా మనిషి, క్షేత్రయ్య గురించి చెప్పుకుందాం.

మా గిలకలదిండి నుంచి మొవ్వకి బండి మీద గంట ప్రయాణం. కూచిపూడికి దగ్గర్లోనే ఉంటుంది. అక్కడి వేణుగోపాలస్వామే ఆయన ఇష్టదైవం. అసలు పేరు వరదయ్య అంటారు. ఊరూరా క్షేత్రాలు తిరిగి పదాలు పాడాడు కాబట్టి క్షేత్రయ్య అయ్యాడు.

17వ శతాబ్దంలో ఆయన దక్షిణాదంతా తిరిగాడు. ఎక్కడెక్కడ ఎన్ని పాడాడో ఒక పదంలో తనే లెక్క చెప్పాడు. మధుర తిరుమల నాయకుడి దగ్గర 2,000, తంజావూరు విజయరాఘవ నాయకుడి దగ్గర 1,000, గోల్కొండ పాదుషా దగ్గర 40 రోజుల్లో 1,500. టార్గెట్లు, డెడ్‌లైన్లు అప్పుడూ ఉన్నాయన్నమాట! కానీ ఏ రాజు కొలువులో ఉన్నా పదాల్లో ఎక్కువగా వేసిన ముద్ర మాత్రం మువ్వగోపాలుడిదే. సభ మారింది, స్వామి మారలేదు.

ఆ పదాలు చాలావరకు ఒక స్త్రీ గొంతుతో నడుస్తాయి. ఎదురుచూపు, అలక, కోపం, దెప్పిపొడుపు అన్నీ ఉంటాయి. ఇంత శృంగారం ఉంటే ఇది భక్తేనా అని చాలామందికి సందేహం. జీవాత్మ నాయిక, పరమాత్మ నాయకుడు అని మధురభక్తిలో చెప్తారు. నాకు అర్థమైంది ఇంకొంచెం సింపుల్. దేవుడి ముందు మంచి మూడ్‌లోనే నిలబడాలని ఆయన అనుకోలేదు. మనసులో ఏది ఉంటే దాన్నే పాట చేసి ఆయన ముందు పెట్టాడు. లోపల దాచుకుంటే బరువయ్యేది, పాటైతే నైవేద్యం అయింది.

అన్ని వేల పదాల్లో ఇవాళ మనకి దొరికేవి 400 లోపే. అవైనా మిగిలాయంటే దేవదాసీలు, నాట్యాచార్యులు నోటి నుంచి నోటికి అందించబట్టే. తర్వాతి కాలంలో వీణ ధనమ్మాళ్ ఇంటివాళ్లు తమిళనాట ఈ తెలుగు పదాలని ప్రాణంలా కాపాడారు.

మేం రాసిన కోడ్ రెండేళ్లకే తీసేస్తారు. అలాంటప్పుడు ఇంత కష్టం దేనికి అనిపిస్తుంది. క్షేత్రయ్య పదాలూ చాలావరకు పోయాయి. కానీ పాడిన ప్రతిసారీ ఆయన తన స్వామి దగ్గరే ఉన్నాడు. ఆ దగ్గరితనం పాట మిగిలిందా లేదా అన్నదాని మీద ఆధారపడలేదు.

ముగ్గు, పాట, బొమ్మ, వంట, మీకు ఏది వస్తే అది ఇవాళ ఒక్కటి చేయండి. ఫోటో పెట్టకుండా, ముందు స్వామికి చూపించండి.

జై శ్రీకృష్ణ!