దీనబంధు ఆండ్రూస్

1919లో పంజాబు అట్టుడికిపోయింది. రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా చెలరేగిన ఆందోళనలో అమృతసర్‌లో కొందరు ఆంగ్లేయులు హతులయ్యారు. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో జనరల్ డయ్యర్ జరిపించిన కాల్పుల్లో ప్రభుత్వ లెక్క ప్రకారమే 379 మంది మరణించారు. ఆ వెంటనే సైనిక శాసనం అమలులోకి వచ్చింది. పౌరులను బహిరంగంగా కొరడాలతో కొట్టారు. అమృతసర్‌లోని ఒక వీథిలో భారతీయులు పొట్టమీద ప్రాకుతూ పోవలసిందని ఆజ్ఞాపించారు. ఈ ఘోరాలేవీ బయటి ప్రపంచానికి తెలియకుండా వార్తలను నిరోధించారు.

ఆ రోజులలో నిజం తెలుసుకోవాలని బయలుదేరిన ఒక ఆంగ్లేయుణ్ణి అమృతసర్‌లో నిర్బంధించి ఢిల్లీకి త్రిప్పి పంపారు. ఆయనే చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్.

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లాండులోని న్యూకాజిల్‌లో జన్మించాడు. కేంబ్రిడ్జిలో చదివి, క్రైస్తవ మతాచార్యుడై, 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు అధ్యాపకుడిగా వచ్చాడు. 1914లో దక్షిణాఫ్రికాలో గాంధీజీని కలుసుకున్నాడు. తరువాత రవీంద్రుని శాంతినికేతనాన్ని తన నివాసం చేసుకున్నాడు. ఫిజీ చెరకు తోటలలో మగ్గుతున్న భారతీయ కూలీల కోసం రెండుసార్లు సముద్రాలు దాటి వెళ్ళాడు. ఆ కూలీలలో తెలుగువారు కూడా ఉన్నారు. ప్రజలు ఆయనను దీనబంధువని పిలుచుకున్నారు.

1919 సెప్టెంబరులో పంజాబు ద్వారాలు తెరుచుకోగానే ఆండ్రూస్ మళ్ళీ వెళ్ళాడు. ఉపన్యాసాలివ్వడానికి కాదు, వినడానికి. గ్రామాలు తిరిగి బాధితుల గోడు ఓపికతో ఆలకించాడు. కొరడా దెబ్బలు తిన్న ఒక సిక్కు తన అవమానాన్ని వివరించినప్పుడు, ఆండ్రూస్ వంగి అతని పాదాలు తాకి, తన జాతి చేసిన తప్పుకు క్షమాపణ వేడుకున్నాడు. పాలక జాతికి చెందిన వ్యక్తి పాలితుని పాదాలు తాకడం ఆ కాలంలో ఊహకందని విషయం.

అయితే ఆయన శాంతి బోధ జరిగిన అన్యాయాన్ని కప్పిపుచ్చేది కాదు. జలియన్‌వాలాబాగ్ ఉదంతం క్షమించరాని మారణకాండ అని తన దేశస్థులకు స్పష్టంగా చెప్పాడు. నవంబరులో లాహోరులో సెలవు తీసుకుంటూ, పగను మనసులో పెంచుకోవద్దని పంజాబీలను అర్థించాడు. గాయపడినవారికి ఆ మాట చెప్పడం సులభం కాదు. ముందుగా వారి మాట విన్నవాడు కనుకనే ఆయన చెప్పగలిగాడు.

1924లో హిందూ ముస్లిం కలహాలకు కలత చెంది గాంధీజీ ఢిల్లీలో 21 దినాలు ఉపవసించినప్పుడు, ఆండ్రూస్ ఆయన చెంతనే ఉండి పరిచర్య చేశాడు. దీక్ష విరమణ వేళ ఖురాన్, ఉపనిషత్తుల పఠనంతోపాటు ఆండ్రూస్ క్రైస్తవ గీతం కూడా వినిపించింది.

ఆండ్రూస్ 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో కన్నుమూశాడు. ఆయన సమాధి ఆ నగరంలోనే ఉంది.