గుర్రాలశాల చదువులశాల అయిన వైనం

స్టేషన్ ఘన్‌పూర్: ఊరి పేరులోనే స్టేషన్ ఉన్న ఘన్‌పూర్ వాసులకు, రైలు వస్తే ఊరి తీరు ఎలా మారుతుందో వేరే చెప్పనక్కరలేదు. అమెరికా తూర్పు, పడమరలను రైలుతో కలిపిన వ్యాపారుల్లో ముఖ్యులు లీలాండ్ స్టాన్‌ఫర్డ్. ఆయన నెలకొల్పిన విశ్వవిద్యాలయంలో నేడు తెలుగు బిడ్డలు కూడా చదువుతున్నారు.

స్టాన్‌ఫర్డ్ 1824లో న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. వకీలుగా ఉండగా 1852లో అగ్నిప్రమాదంలో పుస్తకాలన్నీ కాలిపోయాయి. దాంతో కాలిఫోర్నియా చేరి, బంగారు గనుల్లో పనిచేసేవారికి సరుకులు అమ్మే కొట్టు పెట్టారు. 1861లో సెంట్రల్ పసిఫిక్ రైల్వేకు అధ్యక్షులయ్యారు. 1862, 63లలో రాష్ట్ర గవర్నరుగా పనిచేశారు. 1869 మే 10న చివరి పట్టాల వద్ద బంగారు మేకు కొట్టింది ఆయనే.

అయితే ఆ దారికి కొండలు తొలిచింది పది వేలకు పైగా చైనా కూలీలు. గవర్నరుగా వారి రాకను వ్యతిరేకించిన స్టాన్‌ఫర్డే రైలు పనికి వారిని పెట్టుకున్నారు. కూలి మాత్రం తెల్లవారికంటే తక్కువ. 1867లో వారు సమ్మె చేస్తే కంపెనీ తిండి సరఫరా ఆపి లొంగదీసింది. ఆయన పేరుకు ఇది చెరగని మచ్చ.

గుర్రాలంటే ఆయనకు ప్రాణం. 1876 నుంచి పాలో ఆల్టోలో భూమి కొని పందెపు గుర్రాలను పెంచారు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదులుతాయా అన్న సందేహం తీర్చడానికి మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరును పిలిపించారు. 1878లో వరుసగా కెమెరాలు పెట్టి తీసిన ఫోటోల్లో, నాలుగు కాళ్లూ గాలిలో ఉన్నట్టు తేలింది. సినిమాకు అది తొలిమెట్లలో ఒకటి.

1884లో ఒక్కగానొక్క కొడుకు పదిహేనో ఏట టైఫాయిడ్‌తో మరణించాడు. కడుపుకోతతో కుంగిన దంపతులు పరుల పిల్లలను తమ పిల్లలుగా తలచారు. 1885లో 24 మంది ధర్మకర్తలను నియమించి, గుర్రాల క్షేత్రాన్ని విశ్వవిద్యాలయానికి రాసిచ్చారు. 1891 అక్టోబరు 1న తరగతులు ప్రారంభమయ్యాయి. ఆడపిల్లలకూ ప్రవేశం కల్పించారు. మొదట్లో చదువుకు ఫీజు లేదు.

1893 జూన్ 21న స్టాన్‌ఫర్డ్ కన్నుమూశారు. రైల్వే అప్పు కింద కోటిన్నర డాలర్లు రావాలని ప్రభుత్వం దావా వేసింది. ఆస్తి స్తంభించింది. భార్య జేన్ మాత్రం బడి మూయడానికి ఒప్పుకోలేదు. ఇంటి నౌకర్లను తగ్గించి, తన ఖర్చులకు వచ్చే సొమ్ముతోనే పంతుళ్ల జీతాలు చెల్లించారు. 1896లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది.

గుర్రాలు పోయి ఏళ్లు గడిచినా, విద్యార్థులు ఆ ఆవరణను నేటికీ ఫారం అనే పిలుస్తున్నారు.