టపాకాయల పనివారి మూలపురుషుఁడు లీ తియాన్

చీనా దేశమున హూనాన్ రాష్ట్రమందలి లియుయాంగ్ ప్రాంతములో లీ తియాన్ 621వ సంవత్సరమున జన్మించెనని పరంపరగాఁ జెప్పుదురు. అది తాంగు వంశపు రాజుల కాలము. అంతకు పూర్వమే ఆ దేశీయులు నూతన సంవత్సర దినమున పచ్చి వెదురును మంటలో వేయుచుండిరి. కణుపుల నడుమ చిక్కిన గాలియు నీటియావిరియు వేఁడికి వ్యాకోచింపఁగా వెదురు ఫెళ్ళున పగులును. ఆ ధ్వనికి కొండపిశాచములు పాఱిపోవునని వారి నమ్మకము.

ఒకప్పుడు లీ తియాను పొరుగువాఁడు పిశాచబాధచే పీడితుఁడయ్యెనఁట. లీ తియాను రాత్రులందు వాని ముంగిట వెదురు కాల్చెననియు, పిమ్మట వెదురు గొట్టములలో సురేకారము, గంధకము, బొగ్గుపొడి కూరి ప్రేల్చెననియు, దానితో ఆ పీడ తొలఁగెననియు కథ. అయితే తుపాకిమందు పాళ్లు చీనా గ్రంథములలో స్పష్టముగాఁ గానవచ్చునది 1044 ప్రాంతముననే. కావున నీ కథనంతయు చరిత్రగా గ్రహింపరాదు. సోంగు వంశపు కాలమున వెదురునకు మాఱుగా కాగితపు గొట్టములు వచ్చెను. ఐనను చీనా భాషలో టపాకాయకు నేఁటికిని ప్రేలు వెదురనియే పేరు.

లియుయాంగ్ పనివారు లీ తియానునకు గుడి కట్టి, తమ పంచాంగమున నాల్గవ మాసము 18వ దినమును అతని జన్మదినముగా నెంచుదురు. నిప్పురవ్వ యొకటి చాలును, వారి ప్రాణములు పోవుటకు. అట్టివారు తమ వృత్తి పొరుగువాని మేలుకొఱకే పుట్టినదని తలఁచుట గమనింపఁదగినది. బాలురారా! టపాకాయ ప్రేలినపుడు దానిని చుట్టిన చేతులను మఱవకుఁడు.