నిటారుగా నిలిచిన క్రీడాకారుడు - కల్నల్ సి.కె. నాయుడు

బంతిని కర్రతో కొట్టే ఆటలలో బలమంతా చేతులలోనే ఉన్నదని పలువురి భావన. గోల్ఫ్ శిక్షకులు నేర్పే మొదటి పాఠమే దీనిని ఖండిస్తుంది. భుజం పైకి ఎత్తిన కర్రను చేతులతో కిందికి లాగరాదు. ముందుగా దేహభారం ముందు కాలిమీదికి రావాలి, నడుము తిరగాలి, ఆపైన భుజాలు, చేతులు, చివరకు కర్ర దిగాలి. అంతసేపూ వెన్ను గూనిపడరాదు. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో గోల్ఫ్ ఆడేవారు అరుదే. అయినా క్రికెట్ బ్యాటుకూ ఈ సూత్రమే వర్తిస్తుంది. ఇందుకు తెలుగువారిలో మాకు తోచే ఉత్తమ నిదర్శనం సి.కె. నాయుడుగారి జీవితం.

కొట్టారి కనకయ్య నాయుడుగారు 1895 అక్టోబరు 31న, నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించారు. ఆయనది ఆజానుబాహు విగ్రహం, సైనికుని వంటి నిలకడ. 1916లో బొంబాయిలో హిందూ జట్టు పక్షాన ఆడిన తొలి పెద్ద పోటీలో సిక్సరుతోనే పరుగుల ఖాతా తెరిచారు. పిమ్మట హోల్కారు మహారాజు ఆహ్వానంపై ఇందోరు చేరి, ఆ సంస్థాన సైన్యంలో కల్నల్ అయ్యారు.

1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఆంగ్లేయుల ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. అడుగు ముందుకు వేసి బంతిని చేరుకొని, బౌలరు తలమీదుగా కొట్టడం ఆయనకు ప్రీతి. అడుగు పడిన తరువాత బ్యాటు దిగితే దేహబలమంతా దాని వెంట వస్తుంది. చేతులు ముందే తొందరపడితే బంతి గాలిలోకి లేచి క్యాచ్ అవుతుంది.

1932లో ఇంగ్లండుకు వెళ్ళిన జట్టుకు నాయకుడు పోర్‌బందరు మహారాజు, ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడు. జూన్ 25న లార్డ్స్‌లో ఆరంభమైన భారతదేశపు మొదటి టెస్టులో మాత్రం ఆ బాధ్యత నాయుడుగారికి దక్కింది. సంస్థానాల నేల మీద పెరిగిన మనకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. రాచబిడ్డ కాని వాడు ఆటబలంతో నాయకుడైనాడు. గాయపడిన చేతితోనే తొలి ఇన్నింగ్స్‌లో జట్టులో అత్యధికంగా 40 పరుగులు చేశారు.

ఆయన నాయకత్వాన హోల్కారు జట్టు 4 పర్యాయాలు రంజీ ట్రోఫీ గెలిచింది. 1953-54లో ఆంధ్ర జట్టుకూ ఆయన సారథ్యం వహించారు. 1956లో పద్మభూషణ్ అందుకున్నారు. 61 ఏళ్ళ వయస్సులోనూ రంజీ పోటీలలో ఆడారు. కేవలం చేతుల బలంపై ఆధారపడినవారికి ఇంతటి దీర్ఘ క్రీడాజీవితం దుర్లభమని మా అభిప్రాయం. 1967 నవంబరు 14న ఇందోరులో కన్నుమూశారు.

మా విద్యార్థులు ఖరీదైన బ్యాటు లేదని చింతించనక్కరలేదు. నిలకడ, అడుగు, నడుము కదలిక - వీటి అభ్యాసానికి బంతి కూడా అవసరం లేదు. కళాశాల కమిటీవారు వారానికి ఒక గంట ఇందుకు కేటాయింపజేయవలసిందిగా సవినయంగా కోరుతున్నాము.