విలియం కేరీగారు

పై తరగతుల బాలురను చూచినపు డెల్ల పెద్దలు మొదట నడుగునది, నీవే వృత్తిలో స్థిరపడెదవని. ఒక పని విడిచి వేఱొకటి పట్టువానికి నిలుకడ లేదని లోకుల యభిప్రాయము. మేమును చాలకాల మట్లే తలంచితిమి. విలియం కేరీగారి చరిత్రము చదివిన పిదప నా తలంపు సడలినది. ఆయన చెప్పులు కుట్టిరి, బడి చెప్పిరి, నీలిమందు కార్ఖానా నడపిరి, అచ్చుకూటము పెట్టిరి, పండితులైరి, మొక్కలు పెంచిరి. వీనిలో ముందుగా నేర్పఱచుకొని నడచిన దారి మిక్కిలి తక్కువ.

కేరీగారు 1761వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీని ఇంగ్లండులోని పాలర్స్‌పరీ గ్రామమున నొక నేతగాని యింట జన్మించిరి. ఎండ సోకిన చర్మము బాధించుటచే పొలముపని మాని, చెప్పులు కుట్టువాని యొద్ద పని నేర్వ చేరిరి. ఆ దుకాణములోని యొక పుస్తకమున తెలియని యక్షరములు కనబడగా, వానిని చూచి వ్రాసికొని, గ్రీకుభాష నెఱిగిన యొక నేతగానికి చూపి యర్థ మడిగిరి. ఆయన భాషాభ్యాసమునకు మొద లిట్టిది. 1785లో మౌల్టను గ్రామమునకు పోయి బడి పెట్టిరి, బోధకులుగా నుండిరి. ఆ రెండింటి రాబడియు చాలక చెప్పులు కుట్టుట మానరైరి. పని చేయుచోట గోడకు ప్రపంచపటము నొకదానిని తామే వ్రాసి తగిలించుకొనిరి. బడి మాత్రము బాగుగ సాగలేదు. పిల్లల నదుపులో నుంచు నేర్పు ఆయనకు లేకపోయెను.

1793లో మిషను పనికై బంగాళమునకు వచ్చిరి. చేతిసొమ్ము త్వరలోనే వ్యయమైపోయెను. మఱుసటి సంవత్సరము మాల్దా ప్రాంతమున ముద్నాబతి యను చోట నీలిమందు కార్ఖానాకు అధికారిగా కుదిరిరి. వర్షములకు పైరు చెడి, తుదకు కార్ఖానా మూతపడెను. కాని బంగాళీ, సంస్కృతము లచ్చటనే యలవడినవి. కొయ్యతో చేసిన యచ్చుయంత్ర మొకటి యచ్చటనే చేతికి వచ్చినది. దానిని చూడవచ్చిన పల్లెవారు అది దొరల దేవతయై యుండునని యనుకొనిరట!

ఇచ్చట నొక విషయము దాచుట మాకు న్యాయముగ తోచదు. ఆయన భార్య డారతీగారు ఈ ప్రయాణమునకు మొదట నొల్లలేదు. పిమ్మట బలవంతముమీద బయలుదేరిరి. 1794లో అయిదేండ్ల కుమారుడు పీటరు మరణింపగా నామె మనస్సు చెదరెను. 1807లో మరణించు వఱకు మతి కుదుటపడలేదు. ప్రక్కగదిలో నామె యఱచుచుండగా భర్త గ్రంథములు దిద్దుచు కూర్చుండిరి. దీనిని కొందఱు ఆయన దీక్షకు దృష్టాంతముగా చెప్పుదురు. మాకట్లు చెప్పుటకు నోరాడకున్నది. ఆయన మార్చిన ప్రతి మార్గమునకును వెలలో కొంత ఆమె చెల్లించెను.

1800లో డేనిషువారి పాలనలోని శ్రీరామపురమునకు చేరి, అచ్చుపని యెఱిగిన వార్డుగారితోను, బడిపంతులగు మార్ష్‌మనుగారితోను కలిసిరి. కమ్మరపనిలో నిపుణుడగు పంచానన కర్మకారుడు వారికి అక్షరములు చెక్కిపెట్టెను. 1801లో కలకత్తా ఫోర్టువిలియం కళాశాలలో కుంపిణీ యుద్యోగులకు బంగాళీ నేర్పుటకు కేరీగారు నియమితులైరి. ఏ కళాశాలలోను చదువని చెప్పులు కుట్టువాడు కళాశాలోపాధ్యాయు డయ్యెను! నెలకు 500 రూపాయలు, పిమ్మట 1000. అందులో స్వల్పము తప్ప మిగిలిన దంతయు శ్రీరామపురములోని యుమ్మడి నిధికే చేరినది.

1812 మార్చి 11వ తేదీ సాయంకాలము అచ్చుకూటమున కగ్ని తగిలెను. కాగితము, అచ్చక్షరములు, అనేక భాషల పదములను కూర్చిన నిఘంటువు వ్రాతప్రతి, రామాయణానువాదములో కొంత భాగము దగ్ధములైనవి. పండ్రెండేండ్ల శ్రమ యొక్క రాత్రిలో బూడిదయయ్యె ననవచ్చును. అక్షరములు పోతపోయు ఉక్కు ముద్రలు మాత్రము బూడిదలో చెడక దొరకినవి. కరగిన సీసమునే మరల పోతపోసిరి. ఒకసారి నడచిన బాట రెండవసారి సులభమని చెప్పి కేరీగారు మరల కలము పట్టిరి. అగ్నిప్రమాదమునకు రెండేండ్ల పిమ్మట, 1814లో, ఆయన తెలుగు వ్యాకరణ మాంగ్లమున వెలువడినది. క్యాంబెలుగారి వ్యాకరణమునకు నిది రెండేండ్లు ముందటిది. తెలుగువారి నడుమ నివసింపక కలకత్తాలోని పండితుల వలన నేర్చి వ్రాసిన దగుటచే, తరువాతివారి గ్రంథముల ముందు నిలువలేకపోయిన నాశ్చర్యము లేదు.

ఇక తోటపని. ఎండకు తాళలేక బాల్యమున విడిచిన యా పనినే బంగాళపు టెండలలో మరల పట్టిరి! మన సామర్లకోటలో పూర్వము కుంపిణీవారి వృక్షశాస్త్రజ్ఞులుగా నుండిన రాక్స్‌బరోగారు వీరికి మిత్రులు. ఆయన వ్రాసిన హిందూదేశ వృక్షసంపుటములు ఆయన మరణానంతరము కేరీగారి చేతిమీదుగా శ్రీరామపురముననే యచ్చుపడినవి. 1820లో వ్యవసాయోద్యానవన సంఘమును స్థాపించిరి. ఆ సంవత్సరములలోనే కాగితపు కార్ఖానాకు సీమనుండి ఆవిరియంత్రము తెప్పించిరి. 1823 వఱదలో తోట మునిగిపోగా, మరల నాటించిరి.

1829 డిసెంబరులో సహగమన నిషేధశాసనమును బంగాళీలోనికి మార్చుమని దొరతనమువారు పంపిరి. ఆనాడు ఆదివారము. కేరీగారు ఉపన్యాసభారము వేఱొకరి కప్పగించి, ప్రొద్దు క్రుంకునంతలో ననువాదము ముగించిరి. ఒక్కగడియ యాలస్యమైనను ఏ యిల్లాలి ప్రాణము పోవునో యని వారి భయము.

ఒక విందులో నొక యధికారి కేరీగారు పూర్వము పాదరక్షలు చేయువారు కారా యని ప్రక్కవానితో ననగా, కేరీగారు విని, చేయువాడనైనను కాను, పాతవి బాగుచేయువాడను మాత్రమే యని సవరించిరట.

1834 జూను 9వ తేదీని ఆయన శ్రీరామపురమున మరణించిరి. కడపటి దినములలో నడువలేక, చక్రముల కుర్చీలో తోటకు పోయి మొక్కలను చూచుచుండెడివారు. తాము పోయిన పిమ్మట మార్ష్‌మనుగారు తోటలోనికి ఆవులను రానిత్తురేమో యని ఆయనకు తీరని బెంగ యుండెనట.